ప్రజల మనిషా, చిల్లర దేవుళ్లా, అంపశయ్యనా? మన దిక్కు కథలల్ల ఏది మొదలువెట్టాలె

ఏ పుస్తకం గురించైనా "మస్తుంటది చదువు" అన్నోళ్ల మాట నేను ఒక చెవిన ఇని ఊకుంట, "నాకైతే నచ్చలే" అన్నోళ్లు దొరికితే మాత్రం ఛాయ్ తాపించి మరీ అడుగుత, ఎందుకు నచ్చలే, ఎక్కడ ఆపేసినవ్, ఎవరి మీద కోపమొచ్చింది అని. మెచ్చుకునేటోళ్లంత ఒకటే తీరు మాట్లాడుతరు, అద్భుతం, గుండె పిండేసింది, అందరు చదవాల్సిన పుస్తకం... దీంట్ల మనకు పనికొచ్చే ముచ్చట ఏమున్నది చెప్పుర్రి. అదే నచ్చనోడు "పేజీలకు పేజీలు వాని ఆలోచనలే, ఒక్కటన్న జరగదు" అన్నడనుకో, మనిషి లోపలి లొల్లి ఇష్టమైనోనికి ఆ పుస్తకం అడ్రస్ దొరికినట్టే. అందుకే కింద నేను చెప్పేదాంట్ల పొగడ్తలు తక్కువ, మా ఇంట్ల, చుట్టాలల్ల, హన్మకొండల కలిసే దోస్తుల నోట ఇన్న ఫిర్యాదులు ఎక్కువ. ఆ ఫిర్యాదులల్ల మీకు ఏది ఫిర్యాదు లెక్క అనిపించదో చూసుకోని, ఆ పుస్తకం పట్టుకోర్రి.

ముందుగాల ఒకటి. ఇయన్ని తెలంగాణ కథలు, నవలలే, అందులో ఎక్కువ పాత వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కువి. గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ఈ పేర్లన్నీ నోటికొస్తయి, రచయిత ఎవరు రచన ఏది అని జతపరచమంటే టకటక పెడతరు, పుస్తకం తెరిచినవా అంటే మాత్రం నవ్వుతరు. వాళ్లను ఏమనను, పరీక్ష అట్లనే అడుగుతది. పరీక్ష అయిపోయినంక అయినా చదువుదామనుకునేటోళ్లకే ఇది.

అందరు అడిగేది మొదలు ఇదే, వట్టికోట ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి" చదవాల్నా, దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు" చదవాల్నా అని. రెండిట్ల నిజాం కాలం ఊరే, రెండిట్ల దొర ఉంటడు, వెట్టి ఉంటది, గడీ (దొర ఉండే కోట లాంటి ఇల్లు) ఉంటది, అందుకే చాలామంది ఒకటి చదివితే రెండోది అక్కర్లేదు అనుకుంటరు. అస్సలు కాదు, చదువుతుంటె రెండు వేరే వేరే రుచులు.

ఆళ్వారుస్వామి నవలలు రాసుకుంట కూసున్న మనిషి కాదు, 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి తెలుగు పుస్తకాలు అచ్చేసి జనానికి చేర్చినాయన, నిజాం రాజ్యంల తెలుగోళ్ల సంఘం ఆంధ్ర మహాసభల తిరిగినాయన, జైలుకు పోయినాయన. నిజామాబాద్ జైల్ల కవి దాశరథి కృష్ణమాచార్య ఈయనతోనే ఉన్నడు, తన "అగ్నిధార"ను ఈయనకే అంకితమిచ్చిండు. అందుకే ప్రజల మనిషి నవల నడక కూడ కార్యకర్త నడకే. కంఠీరవం అనే పిలగాడు ఊర్ల అన్యాయం చూసుకుంట పెరుగుడు, గ్రంథాలయం, సభలు, జనం కొంచెం కొంచెం నోరు తెరుసుడు, ఇట్ల పోతది. మా వదిన దీన్ని సగంల ఆపింది. ఆమె ఫిర్యాదు ఏందంటె "కంఠీరవం మరీ మంచోడు, తప్పు చేయడు, వానికి లోపల ఏమైతుందో తెలువది, అందరు సభల మాట్లాడినట్టు మాట్లాడుతరు" అని. నిజమే, కాదనను. కాని అదే పుస్తకాన్ని మా మేనమామ (రిటైర్డ్ సారు, బడిల సాంఘికశాస్త్రం చెప్పిండు) ఇప్పటికి తీసి చదువుతడు. ఆయన అనేదేందంటే ఆ కాలంల ఒక ఊరు ఎట్ల మేల్కొన్నదో తెలుసుకోవాలంటే చరిత్ర పుస్తకం కన్నా ఇదే నయం, ఎందుకంటే ఇది 1950లల్ల వచ్చింది, అప్పటికి ఆ దెబ్బలు ఇంకా పచ్చిగనే ఉండె, రాసినాయన వాటి నడుమ తిరిగినోడు. ఇగ చూసుకోర్రి, మీకు పాత్ర మనసు ముఖ్యమైతే వదిన పక్క, కాలం ముఖ్యమైతే మామ పక్క.

చిల్లర దేవుళ్లు 1969 నాటిది. రంగాచార్య మన చిన్నగూడూరోడే, అప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్. ఇండ్ల తెలివైన ఏర్పాటు ఏందంటే కథ మన కండ్లతోని కాకుండ బయటి మనిషి కండ్లతోని చూపెడతడు. సారంగపాణి అని ఆంధ్ర దిక్కు నుంచి వచ్చిన సంగీతం పంతులు, ఆయనకు ఇక్కడి పద్ధతులు ఏమెరుకలే, దొర గడీల ఆడబాప (గడీల దాసిగ బతికే ఆడామె) అంటే ఏందో కూడ తెలువది, ఆయన ఒక్కొక్కటి చూసి బిత్తరపోతుంటే మనం ఆయనతోపాటు చూస్తం. వనజ అనే ఆడబాప పాత్ర దగ్గర చాలామంది ఆగిపోతరు, పుస్తకం మూసినంక కూడ ఆమెనే యాదికొస్తది. సంభాషణలల్ల మన మాట ఉంటది. ప్రేమ ఉన్నది, సంగీతం ఉన్నది, సీన్లు ఉన్నయి, సినిమా తీసిన్రు కూడ. ఫిర్యాదు లేదా అంటే ఉన్నది. మా దోస్తు ఒకడు, పాలకుర్తి దిక్కోడు, గట్టిగ వాదిస్తడు, "మన ఊరి బాధ చెప్పనీకి ఆంధ్రా పంతులే కావాల్నా, ఊర్లోడు ఒక్కడు దొరకలేదా" అని. ఈ మాటల న్యాయం ఉన్నది అనిపిస్తది గని ఆ పద్ధతి లేకుంటే, మన ఊరు తెలువని ఈ కాలం పిల్లలకు అది అందేదే కాదు, వాళ్లు కూడ సారంగపాణి లెక్కనే బయటోళ్లు కదా ఇప్పుడు, గడీ అంటే కూలిన గోడలు తప్ప ఏం చూసిన్రు. అందుకే ఎప్పుడు నవల చదవనోనికి నేను చిల్లర దేవుళ్లే చేతుల పెడత. అది పట్టుకుంటే రంగాచార్య "మోదుగుపూలు", "జనపదం" వాటంతట అవే వెనుక వస్తయి, ఇయన్ని అయినంక ప్రజల మనిషికి పోతే అప్పుడు కంఠీరవం మీద అంత చిరాకు రాదు, ఆ సభలు ఎందుకు పెట్టిన్రో అప్పటికి సమజైతది.

ఇగ అంపశయ్య. ఇది చదివినోళ్లంత రెండు పార్టీలు, నడుమ ఎవడు ఉండడు.

నవీన్ అసలు పేరు దొంగరి మల్లయ్య, పాలకుర్తి కాడ వావిలాల. ఈ ఒక్క నవలతోని పుస్తకం పేరే ఇంటి పేరై కూసున్నది, అంపశయ్య నవీన్ అంటే తప్ప ఎవరికి తెలువది. ఇది కూడ 1969దే. ఉస్మానియా క్యాంపస్, హాస్టల్, రవి అనే స్టూడెంట్, ఒక్క రోజు. పొద్దున లేచిన కాడినుంచి రాత్రి దాక వాని తలకాయల ఏమేం తిరుగుతదో అదే నవల, చైతన్య స్రవంతి పద్ధతి అంటరు. పైసలు లేవు, పరీక్షలు దగ్గరికొచ్చినయి, ఊరు యాదికొస్తది, ఆడపిల్లల ముచ్చట, నామోషీ, అందరి మీద కోపం, తన మీద తనకే అసహ్యం. కేయూల (కాకతీయ యూనివర్సిటీల) చదివే మా చిన్నమ్మ కొడుకు దీన్ని రెండు రాత్రులల్ల అయిపోగొట్టి "అన్నా ఇది నా డైరీ ఎవడు దొంగతనం చేసిండు" అన్నడు. అదే ఇంట్ల మా చిన్నమ్మ పది పేజీలకు పక్కన పెట్టింది, "గింత ఏడుపు ఏంది వానికి, తల్లిదండ్రి కష్టపడి పంపిస్తె సదువుకోక" అని. చూసిన్రా, ఒకటే పుస్తకం, ఒకటే ఇల్లు. ఆమెది తప్పు చదువుడేం కాదు, ఆమె రవిని తల్లి నిలబడ్డ కాడినుంచి చూసింది, పిలగాడు లోపలినుంచి చూసిండు.

దీనికి పోలిక కావాలంటే గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర" చదివినోళ్లను అడగాలె. అందులో సీతారామారావు మీకు నచ్చితే, కనీసం జాలి అనిపిస్తే, రవి కూడ నచ్చుతడు. ఆ సీతారామారావునే భరించలేకపోయినోళ్లు అంపశయ్య జోలికి పోవద్దు, పైసలు దండుగ. తేడా ఏందంటే గోపీచంద్ మనిషిని దూరంనుంచి కోసి చూపెడతడు, నవీన్ మనల్ని వాని తలకాయల ఏసి తలుపు పెడతడు, గాలి ఆడదు. గాలి ఆడకపోవుడే ఇష్టమైనోళ్లు ఉంటరు, నేను ఆ బాపతే.

అదే నవీన్ కావాలె, ఆ ఉక్కపోత వద్దు అంటరా, "కాలరేఖలు" తీసుకోర్రి. కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు 2004ల దీనికే వచ్చింది. నిజాం చివరి రోజులనుంచి మొదలైతది, "చెదిరిన స్వప్నాలు", "బాంధవ్యాలు" కలిపితే మూడు నవలల వరుస. ఇండ్ల ఆయన తీరుగ కూసోని కథ చెప్తడు, ఊరు, బడి, పెండ్లిండ్లు, రాజకీయం అన్నీ వస్తయి. దీని మీద ఫిర్యాదు పొడుగు గురించే, చానా పెద్దది, నడుమనడుమ పేపర్ చదివినట్టుంటది అంటరు. నా లెక్కల అయితె రిటైరైనోళ్లకు, ఎండాకాలం సెలవులున్నోళ్లకు కాలరేఖలు, హాస్టల్ పిల్లలకు అంపశయ్య. అవార్డు చూసి హాస్టల్ పిలగానికి కాలరేఖలు ఇచ్చి, చదవలేదని వాన్ని తిట్టకుర్రి.

నవల వద్దు కథలు చెప్పు అనేటోళ్లే ఈ మధ్య ఎక్కువ. ఒక్కటే కథ, ఒక్క కూకుడుల అయిపోవాలె అంటే నేను చెప్పేది "గొల్ల రామవ్వ". రాసింది పీవీ నరసింహారావు, ప్రధానమంత్రి అయిన పీవీనే, 1949ల వరంగల్‌నుంచి వచ్చిన కాకతీయ పత్రికల విజయ అనే కలం పేరుతోని వచ్చింది. రజాకార్ల కాలం, ఒక రాత్రి, గుడిసెలకు తప్పించుకోని వచ్చిన పిలగాడు, వాన్ని కాపాడే ముసలవ్వ. ఇంతకు మించి చెప్పొద్దు. దీన్ని పీవీ రాసిండని చదివేటోళ్లు నిరాశపడతరు, వాళ్లు కథల రాజకీయ నాయకున్ని ఎతుకుతరు. పేరు మరిచిపోయి చదివితే ముసలవ్వ నిలబడతది. కాజీపేటల రైలెక్కితే జనగామ రాకముందే అయిపోతది. ఇదే కాలం, ఇదే జిల్లా ఇంకో గొంతుతోని కావాలంటే తాటికాయల అనే ఊరి పొట్లపల్లి రామారావు కథలు ఎతకాలె, ఆయన తక్కువ మాట్లాడతడు, మెరుపులుండవు, మెల్లగ చదివేటోళ్లకు మాత్రమే.

సింగరేణి కథలకు వస్తే మా చిన్నాయినను మించిన జడ్జి నాకు లేడు, బాయిల పనిచేసి దిగిపోయిన మనిషి, రామగుండం దిక్కే ఉంటడు. ఆయన ముందట అల్లం రాజయ్య కథలు, తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథలు రెండు పెట్టిన. రాజయ్య మంథని దిక్కోడు, రైతు కూలీల మీద, ఊర్లల్ల ఉద్యమం మీద, బొగ్గుబాయి కార్మికుల మీద కథలు రాసిండు, "కొలిమంటుకున్నది", "ఊరు" అని నవలలు కూడ ఉన్నయి. చిన్నాయినకు రాజయ్య కథలల్ల మనుషులు గుంపుగ కదిలేది బాగ నచ్చింది, "సమ్మె రోజులల్ల గట్లనే ఉండె, ఎవడు ఒక్కడు హీరో కాదు" అన్నడు. కాని ఒక మాట కూడ అన్నడు, "చివరికి ఏమైతదో నాకు ముందుగాలనే తెలుస్తది, మాదాంట్ల అట్ల తెలువకుండె." నాకు తెలిసి రాజయ్య పాత కథల మీద ఇంత సూటిగ ఎవరు అనలే. ఆయన తర్వాతి కథలకు, ముఖ్యంగ "అతడు" లాంటిదానికి ఈ మాట అంటదని నేననుకోను, అక్కడ ఆయనే ఆగి ఎనక్కి చూస్తడు, ఉద్యమంల మనిషికి లోపల ఏమైందో అడుగుతడు. తుమ్మేటిది ఇంకో తరీఖ, ఒకటి రెండు మనుషులు, ఒక ఇల్లు, చిన్న సంగతి, "పనిపిల్ల" కథ మీరు ఎక్కడో ఇనే ఉంటరు. కథ అయినంక ఎవరి మీదనో కాదు, మన మీద మనకే అనుమానమొస్తది. చిన్నాయిన "ఈయన బాయి కంటే ఇల్లు ఎక్కువ రాసిండు" అని పక్కన పెట్టిండు, నేనైతే అందుకే ఎత్తుకున్న. గుంపు కావాలంటే రాజయ్య, మనిషి కావాలంటే తుమ్మేటి, అంతే తేడా, గొప్పతనంల కాదు.

పాత సంచికలు చదివే ఓపికున్నోళ్లకు ఒక ముచ్చట, ఈ తరహా కథలు పెరిగిందే పత్రికలల్ల, వరంగల్‌నుంచి 1966ల మొదలైన సృజన అందులో ఒకటి. ఆ పత్రికలల్ల వచ్చిన కథలకు కథానిలయం వెబ్‌సైట్ ఉన్నది, శ్రీకాకుళంల కాళీపట్నం రామారావు మాస్టారు పెట్టిన లైబ్రరీది, పాత కథల స్కాన్‌లు మస్తుంటయి. ఫోన్ల చదివితే కండ్లు గుంజుతయి గని, ఒక రచయిత మీకు పడతడో లేదో ఒక్క కథతోని తేల్చుకునేతందుకు అది చాలు, పుస్తకం తర్వాత కొనుక్కోవచ్చు. హన్మకొండల ఉన్నోళ్లకు రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం ఉండనే ఉన్నది, 1904నుంచి ఉన్న గ్రంథాలయం. ఒక్కొక్కరిని ఎతుకుడు కష్టమనుకుంటే 1990నుంచి కథాసాహితోళ్లు ఏటా వేసే "కథ" సంకలనాలున్నయి, అందులో అన్ని ప్రాంతాలోళ్లు కలుస్తరు, ఇద్దరో ముగ్గురో నచ్చకపోయినా ఒకరన్న దొరుకుతరు. సంకలనం మీద ఫిర్యాదు చేసేటోన్ని మాత్రం నేను పట్టించుకోను, అన్ని కథలు నచ్చాలె అనుకునుడే అత్యాశ.

భాష దగ్గర పెద్ద లొల్లి. "మన తెలంగాణ భాషల ఉన్నది ఇయ్యి" అని అడుగుతరు, ఇస్తే "అర్థమైతలేదు" అంటరు. యశోదారెడ్డి "మా ఊరి ముచ్చట్లు" ఇచ్చిన ఒకలకు, అది పాలమూరు మాట, వరంగల్ పిల్లలకు కొన్ని మాటలు కొత్త, పైగ పాతకాలం ఆడోళ్ల మాట, సామెత మీద సామెత. మూడు పేజీల దాక తడబడుడు ఖాయం, అటెనుక చెవి అలవాటైతది, గట్టిగ బయటికి చదివితే ఇంకా జల్ది. నా మాట ఇని మా అత్తమ్మకు చదివి ఇనిపించిన్రు ఇంట్ల, ఆమె నవ్వుకుంట తర్వాతి మాట తనే అందుకున్నదట. ఇది కండ్లకు రాసిన పుస్తకం కాదు, చెవులకు రాసింది. గోగు శ్యామల "ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్ట తల్లినయం" కూడ ఊరి మాటనే, తాండూరు దిక్కుది, మాదిగవాడ కథలు, చానా కాడ చిన్నపిల్లల చూపుతోని నడుస్తయి. యశోదారెడ్డి ఊర్ల ముచ్చట ఇంటి అరుగు మీదినుంచి ఇనవడతది, శ్యామలది వాడలనుంచి ఇనవడతది, ఒకటే తెలంగాణ పల్లె కాదు ఇవి, రెండు చదివితేనే తెలుస్తది. ఒకరు నాతోని అన్నరు "శ్యామల కథలు కథల లెక్క లేవు, మొదలు, ఎండింగ్ సరిగ ఉండవు" అని. ఎండింగ్‌ల మలుపు కావాలనుకునేటోళ్లకు నిజంగనే ఇవి నచ్చవు, పొలం, చెరువు, పశువులు, పిల్లల ఆటలు నిదానంగ చూస్తానికి ఓపికున్నోళ్లకు ఇంత మంచి పుస్తకం తక్కువ. రెండిట్ల ఒక్కటే కొనాలంటే నేను శ్యామల పుస్తకం కొంట, యశోదారెడ్డిని ఎవలతోనన్న చదివించుకోని ఇంట.

ఆఖరుకు బహుమతుల సంగతి. పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ఏమియ్యాలె అని అడుగుతరు, నా దగ్గర రెండే ఉన్నయి. ఒకటి పెద్దింటి అశోక్‌కుమార్ "జిగిరి". సిరిసిల్ల దిక్కు మనిషి, మల్లేశం సినిమాకు మాటలు రాసింది ఈయనే. ఎలుగుబంటిని ఆడించుకోని బతికే ఇమాం కుటుంబం, సర్కారు భూమి ఇస్తనంటది గని ఎలుగును వదిలించుకోవాలె, ఇగ ఇంట్లనే తండ్రి ఒక దిక్కు, పెండ్లాం కొడుకు ఒక దిక్కు. చిన్న నవల, ఆపకుండ చదివిస్తది. జంతువులంటే పాణం పెట్టే పిల్లలకు ఇచ్చేముందు జర ఆలోచించుర్రి, మా అన్న బిడ్డ రెండు రోజులు అన్నం సరిగ తినలే, నామీద కోపం కూడ చేసింది. కొడుకుది తప్పని చెప్పలేం, తండ్రిది తప్పని చెప్పలేం, అదే ఆమెకు మింగుడు పడలే. రెండోది "కొమురం భీం", ఆసిఫాబాద్ అడవులల్ల గోండుల కోసం నిజాంతోని కొట్లాడి 1940ల జోడేఘాట్ కాడ పాణమిచ్చిన భీం కథ. ఇండ్ల న్యాయం ఎటున్నదో మొదటినుంచి తెలుసు, అడవి, పోడు, పోరాటం, పిల్లలు ఉరుకులు పెట్టి చదువుతరు. సినిమా చూసి భీం పేరు ఎరుకైన పిల్లలకు ముందు ఇదే ఇయ్యాలె, కొంచెం తిక్కగ, ప్రశ్నలు ఎక్కువ అడిగే పిల్లలకు జిగిరి. భీం మీద చిన్నవి పెద్దవి చానా పుస్తకాలు వచ్చినయి, షాపుల ఏది పడితే అది చేతుల పెడతరు, నేను చెప్పేది అల్లం రాజయ్య, సాహు ఇద్దరు కలిసి రాసిన నవల, అట్ట మీద ఆ రెండు పేర్లు చూసుకోనే పైసలియ్యుర్రి.